వెన్నెల ఘట్టానికి పాట

భానోజీ కట్టిన పాటని ఎస్తేరు టీచరు మూడోసారి కూడా వెనక్కి ఇచ్చేసింది. బాగాలేదని అనలేదు. బాగుందనీ అనలేదు. కళ్లు మూసుకుని మొదటినుంచి చివరిదాకా విని, ఇంకోసారి చూడు నాయనా అంది, అంతే. తిట్టినా అతనికి ఇంత బాధ ఉండేది కాదు.

ఎస్తేరు టీచరు భీమిలి చర్చిలో చాలాకాలం ఆర్గన్ వాయించింది. ఇప్పుడు ఆవిడ వాయించేది ఒక పాత టీవీ గేమ్ పెట్టె. ఒకప్పుడు పిల్లలు టీవీకి తగిలించి, క్యాసెట్ గుచ్చి ఆడుకునేవారే, అదన్నమాట. దాని పొట్టలో ఒక చిప్ ఉంటుంది. ఆ చిప్‌కి ఉన్నవి నాలుగే గొంతులు. రాగం పాడేవి రెండు, అడుగున మంద్రంగా పలికేది ఒకటి, సముద్రంలా హోరుపెట్టేది ఒకటి. ఏం పాట కట్టినా ఆ నాలుగింటితోనే కట్టాలి. అలాంటివాటిని చిప్‌ట్యూన్లంటారు. వాటి పిచ్చి ఉన్నవాళ్లు ఊరికొకరు కూడా ఉండరు గాని, ఉన్నవాళ్లందరూ టీచరుకి తెలుసు.

ఆ ఏడు వాళ్లంతా కలిసి ఆ పెట్టెకి ఒక కొత్త ఆట తయారుచేశారు. లాంతరు పట్టుకున్న ఒక పిల్ల సముద్రంలో రాళ్లమీంచి గెంతుకుంటూ ఆవలి ఒడ్డుకి చేరాలి. ఘట్టానికో పాట. పాటలన్నీ ఆటలోకి ఎక్కాక, తలా ఒక క్యాసెట్ పంచుకుంటారు. మిగిలిందల్లా చివరి ఘట్టం, వెన్నెల ఘట్టం. దాన్ని టీచరు భానోజీకి ఇచ్చింది. అతని పాట పదిమంది ఇళ్లల్లో మోగడం అదే మొదటిసారి అవుతుంది, మోగితే.

విజయనగరం నుంచి ఆదివారం ఆదివారం బస్సెక్కి వచ్చి ఆవిడ దగ్గర నేర్చుకున్నవాడు భానోజీ. చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, వారాల తరబడి ఆ పాటకి నగిషీలు చెక్కాడు. నాలుగు గొంతుల్లో ఏదీ ఒక్క క్షణం ఊరికే కూచోదు. ఒకటి ఊపిరి పీల్చుకునేలోగా ఇంకొకటి అందుకుంటుంది. వింటూ కళ్లు మూసుకుంటే నీళ్లమీద వెన్నెల కదులుతున్నట్టే ఉంటుంది. నిజంగానే గొప్ప పాట, అబద్ధమెందుకు.

"ఇందులో వెలితి ఎక్కడుందో చెప్పండి టీచరుగారూ," అన్నాడు. కోపం దాచుకోవడం అతనికి చేతకాదు. "ఒక్కచోట చూపించండి చాలు."

టీచరు లేచింది. అతని పాటని క్యాసెట్‌లోకి ఎక్కించి, పెట్టెలో గుచ్చి, గుమ్మంలోకి వెళ్లి నూకమ్మని కేకేసింది.

నూకమ్మ పక్కింటావిడ. పొద్దున్నే చేపలు అమ్ముకుని వచ్చి, మధ్యాహ్నం కాసేపు టీచరింట్లో ఆ ఆట ఆడుకోవడం ఆవిడకి అలవాటు. వచ్చి, చేతులు కొంగుకి తుడుచుకుని, టీవీ ముందు బాసింపట్టు వేసుకు కూచుంది. తెరమీద నీలపు నీళ్లు, తెల్లటి చందమామ. పాట మొదలైంది. గది గదంతా పల్చటి నీలంలోకి జారుకుంది. కిటికీ అవతలి సముద్రమూ తెరమీది సముద్రమూ ఒకటే అయిపోయినట్టనిపించి, భానోజీకి ఒళ్లు పులకరించింది.

నూకమ్మ బటన్ నొక్కింది. లాంతరు పిల్ల గెంతింది. టుయ్.

పాటలో ఒక ముక్క ఎగిరిపోయింది.

గెంతినప్పుడల్లా చప్పుడు రావాలి కదా. దానికి చిప్‌లో అయిదో గొంతు లేదు. పాడుతున్న వాటిలో ఒకటి నోరుమూసుకుని చోటివ్వాలి. ఈ సంగతి భానోజీకి తెలియక కాదు, పాట కట్టే మురిపెంలో పట్టించుకోలేదు. నూకమ్మ ఏమో ఊరుకునే మనిషి కాదు. అవసరమున్నా లేకపోయినా గెంతిస్తోంది. అతను అల్లుకున్న అల్లికంతా పోగు పోగుగా తెగిపోయి, చివరికి పాటకి నత్తి వచ్చినట్టయింది.

కొంచెం తక్కువ గెంతించమనండి అన్నాడు టీచరుతో, నీరసంగా. నువ్వే అడుగు అంది ఆవిడ. అడిగాడు.

నూకమ్మ తెరమీంచి కళ్లు తిప్పలేదు. "గెంతకపోతే పిల్ల నీల్లల్లో పడిపోద్ది కద బాబూ," అంది.

ఆవేళ భానోజీ టీ కూడా తాగకుండా బస్సెక్కేశాడు. ఇక ఈ గడప తొక్కకూడదనుకున్నాడు. దారి పొడుగునా ఏడుపొచ్చినంత పనయింది. కానీ మళ్లీ ఆదివారం వచ్చేసరికి కాళ్లు ఊరుకోలేదు.

అతను వెళ్లేసరికి వాన పడుతోంది. టీచరు కిటికీ దగ్గర కూచుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. టీవీలో మొదటి ఘట్టం పెట్టి ఉంది. లాంతరు పిల్ల మొదటి రాయిమీద నిలబడి ఎదురుచూస్తోంది. మోగుతున్నది టీచరు కట్టిన పాట. భానోజీ ఎన్నోసార్లు విన్నదే. కానీ ఎప్పుడు విన్నా నూకమ్మ ఆడుతుండగానే విన్నాడు.

పాట రెండడుగులు వేసి ఆగుతోంది, ఏదో అడిగినట్టు. జవాబు రావడంలేదు. మళ్లీ రెండడుగులు, మళ్లీ ఆగడం. ఆ ఖాళీల్లోకి వాన చప్పుడు వచ్చి కూచుంటోంది. తను ఇన్నాళ్లూ నెత్తిన పెట్టుకున్న పాట ఇదేనా అని అతనికి అనుమానం వచ్చింది.

"ఇది సగమే కట్టారేమిటి టీచరుగారూ?"

"నూకమ్మ ఇంకా రాలేదుగా," అంది టీచరు.

కాసేపటికి నూకమ్మ వచ్చింది. తడిసిన చెంగు పిండుకుని, కూచుని, బటన్ నొక్కింది. పాట అడిగింది. టుయ్, అంది లాంతరు పిల్ల. పాట ఇంకోసారి అడిగింది. ఈసారి నూకమ్మ ఆలస్యంగా నొక్కింది. ఆ ఆలస్యానికీ అందులో చోటుంది. భానోజీ అక్కడే నేలమీద చతికిలబడ్డాడు. వాన, సముద్రం, నూకమ్మ గెంతులు అన్నీ కలిసి, ఎప్పుడో నిద్రలో విని మరిచిపోయిన పాటలా వినిపించింది. అతనికి కళ్లు చెమర్చాయి.

తర్వాత వచ్చినప్పుడు అతని మెడలో హెడ్‌ఫోన్లు లేవు. వెన్నెల పాటలోంచి చాలానే తీసేశాడు. తీసేస్తున్నంతసేపూ ప్రాణం ఉసూరుమన్న మాటా నిజమే. టీచరు కళ్లు మూసుకుని మొదటినుంచి చివరిదాకా వింది.

"వెలితిగా ఉందే," అంది.

"అవునండీ," అన్నాడు భానోజీ.

టీచరు లేచి పాటని క్యాసెట్‌లోకి ఎక్కించింది. భానోజీ గుమ్మంలోకి వెళ్లి, నూకమ్మ వస్తోందేమోనని వీధివైపు చూస్తూ నిలబడ్డాడు.