తంబురా తీగతో కట్టిన రెక్కపురుగు

ఆడపిల్ల గాలం ముడితే ఏరెండిపోతుందని నీకెవడు చెప్పాడ్రా దాలిగా? పొద్దున అక్క చేతిలోంచి గాలపుకర్ర లాగేసుకున్నావట! సరే, ఇటు జరుగు. మంగా, నువ్వూ రా. ఇద్దరూ ఊ కొట్టాలి, మధ్యలో నిద్దరపోతే ఊరుకోను.

అనగనగా ఏటి ఒడ్డున ఒక ఊరు. ఆ ఊళ్ళో చేపల మడుగుకి వంతులుండేవి, రోజుకో ఇల్లు. వంతు నాడు పొద్దుగూకేలోగా ఒక్క చేపైనా పట్టకపోతే ఆ ఇంటికి ఇక జన్మలో వంతు లేదు. అంత గట్టి కట్టుబాటు!

ఆ రోజు వంతు అప్పన్నది. అప్పన్నకేమో ఒళ్ళు కాలిపోయే జ్వరం. వాళ్ళావిడ పైడమ్మ ఏం చేసిందో తెలుసా? గాలపుకర్ర భుజాన వేసుకుని బయల్దేరింది! ఊరంతా ముక్కున వేలేసుకుంది. "ఏరెండిపోద్దే కోడలా!" అని అత్త నూకాలు గుండెలు బాదుకుంటూ వెనకాలే పరుగెత్తింది. ఊ కొడుతున్నారా?

వానపాము గుచ్చింది, చేప చూడలేదు. పిండి గుచ్చింది, చేప పలకలేదు. రొయ్య గుచ్చింది, చేప కదల్లేదు. ముందు రోజే తొలకరి పడింది కదా, నీళ్ళ మీద ఉసిళ్ళు, అవేరా, రెక్కపురుగులు, రాలుతున్నాయి. చేపలకి అదే పెళ్ళి భోజనం! పోనీ ఆ పురుగే గుచ్చుదామంటే వేలు తగిలితేనే చితికిపోతుంది. అందుకని పైడమ్మ గాలానికి కోడీక పెట్టి దారంతో కట్టింది, అచ్చం రెక్కపురుగులా. చేప పట్టింది, దారం కొరికింది, ఈక ఊడింది, చేప పోయింది. మళ్ళీ కట్టింది, మళ్ళీ అంతే. పొద్దు కొండ మీదకి వాలిపోయింది.

ఇక వంతు పోతుందని నూకాలు ఇంటికి పరుగెత్తి, పోయిన మొగుడి తంబురా పట్టుకొచ్చింది. ఎవర్నీ తుడవనైనా ఇవ్వని తంబురా! అందరూ చూస్తుండగా, టప్! తీగ తెంపేసింది! చెబుతుంటేనే నాకు ఒళ్ళు జలదరిస్తోందర్రా.

"ఏటి పాటలు పాడినోడేగా, ఏమనుకోడులే. కట్టు!" అంది. ఊరంతా మళ్ళీ ముక్కున వేలేసుకుంది.

పైడమ్మ ఆ సన్నటి ఇత్తడి తీగని గాలానికి చుట్టింది. చుట్టు పక్కన చుట్టు, పురుగు ఒళ్ళయింది. చివరి చుట్ల కింద ఈక నొక్కింది, రెక్కయింది. కొసని అటూ ఇటూ వంచితే తీగ తనే తెగింది. దారం లేదు, ముడి లేదు! అలా రెండు కట్టింది.

వంతులు చూసే మడుగు పెద్ద గవరయ్యకి మండింది. "ప్రాణం లేని పురుగుని చేపెందుకు తింటదే, తిక్కదానా?" అని ఒకటి లాక్కుని వాసన చూశాడు. అది కాస్తా మీసంలో దిగబడింది! నూకాలు ఊరుకుంటుందా? "నువ్వు పడితే చేప కింద లెక్క కాదు బాబూ!" అంది.

పైడమ్మ రెండోదాన్ని తాడుకి కట్టి నీళ్ళ మీద వాల్చింది. వాలిందో లేదో, మోచేయంత చేప ఎగిరి మింగింది! కొరికింది, గింజుకుంది, తీగ తెగితేగా! ఒడ్డున పడేసరికి కొండ మీద సూర్యుడు ఇంకా సగం మిగిలే ఉన్నాడు. ఊరంతా ముక్కున వేలేసుకుంది. గవరయ్య మటుకు వేసుకోలేకపోయాడు, అక్కడ గాలం ఉంది కదా!

మరి ఏరెండిందా? ఆ రాత్రే వరదొచ్చింది! వంతు నిలిచింది, పులుసు తాగి అప్పన్న లేచి కూర్చున్నాడు, తంబురాకి కొత్త తీగ వచ్చింది. కర్ర పట్టుకున్నది ఎవరి చెయ్యో ఏటికేం తెలుస్తుందర్రా?

కథ కంచికి బయల్దేరింది, మీరు దుప్పట్లోకి దూరండి. ఒరే దాలిగా, రేపు లేవగానే ఆ గాలపుకర్ర అక్క చేతికివ్వు. నేను గట్టు మీదే కూర్చుని చూస్తా.