కాగని బ్రేకు

ప్రశ్న అడిగిన వెంటనే జవాబు చెప్పడం మస్తాన్ వలీ మేస్త్రికి అలవాటు లేదు. విజయవాడ ఆటోనగర్‌లో ఆయన దగ్గర కార్ల రిపేరు నేర్చినవాళ్లందరికీ ఆ సంగతి తెలుసు. పాలిటెక్నిక్ చదివి కొత్తగా చేరిన నాగసుధకు మాత్రం అంత ఓపిక లేదు.

డాక్టర్ శశిభూషణ్ తన ఎర్ర స్పోర్ట్స్ కారును మేస్త్రి షెడ్డులో అప్పగించి వెళ్లాడు. నెలకోసారి దాన్ని చెన్నై వైపు రేసు ట్రాకు మీద తిప్పుతాడు. మిగతా రోజుల్లో అందులోనే ఆసుపత్రికి వెళతాడు, కూతుర్ని బడిలో దింపుతాడు. రెండింటికీ పనికొచ్చేలా చెయ్యమన్నాడు. సుధ ముందు చక్రాలకు రేసు బ్రేకు ప్యాడ్లు బిగించింది. మేస్త్రి చూసి, వీధికి మామూలువే వెయ్యమన్నాడు.

"రెండొందల వేగాన్ని ఆపే బ్రేకు నలభైని ఆపలేదా, మేస్త్రిగారూ?" అంది సుధ. ఆ అడగడంలో కాస్త ఎకసెక్కం కూడా ఉంది.

మర్నాడు పొద్దున్నే, ఇంకా షెడ్లు తెరవకముందే, రేసు ప్యాడ్లు విప్పకుండానే ఆమెను ఆ కారు స్టీరింగు ముందు కూర్చోబెట్టి మేస్త్రి పక్కన కూర్చున్నాడు. వీధి చివర ఒక పాత టైరు నిలబెట్టి ఉంది.

"నలభైలో పోయి దానికి ఇవతల ఆపు."

సుధ ఎప్పుడూ తొక్కే చోటనే బ్రేకు తొక్కింది. పెడలు రాయిలా తగిలింది గానీ కారు మాట వినలేదు. సరిగ్గా అప్పుడే, ఆగి ఉన్న రెండు లారీల సందులోంచి ఇడ్లీల గిన్నె నెత్తిన పెట్టుకుని ఒకామె రోడ్డు మీదికి వచ్చింది. మేస్త్రి హ్యాండ్‌బ్రేకు గుంజాడు. కారు పక్కకు ఈడ్చుకుపోయి, టైరును పడగొట్టి, ఆమె మోకాలికి జానెడు దూరంలో ఆగింది.

"కళ్లు నెత్తికెక్కాయా? నీ అబ్బ సొత్తా ఈ రోడ్డు?" అని ఆమె సుధను కడిగేసింది.

మేస్త్రి దిగి చేతులు జోడించాడు. "తప్పు నాదక్కా. ఎవరూ రారనుకున్నాను."

షెడ్డుకు నెమ్మదిగా తిరిగి వచ్చారు. ఆ ప్యాడ్లు రేసు వేగంలో తొక్కి తొక్కి బాగా కాగితే గానీ పట్టవని అప్పుడు చెప్పాడాయన. సుధ వాటిని తనే విప్పింది. మధ్యాహ్నానికి ఒక దారి కనిపెట్టింది.

"మామూలువే వేసి ఇద్దాం మేస్త్రిగారూ. రేసు ప్యాడ్లు ట్రాకు దగ్గరే వేసుకుని, బయల్దేరేముందు తీసేస్తారు. మార్చుకోవడం డాక్టరుగారికి నేను నేర్పుతాను."

మేస్త్రి చేతులు తుడుచుకుంటూ తలూపాడు.

"ప్యాడ్లు మార్చుకోవడం నేర్పు, మంచిదే. ట్రాకుకు అలవాటుపడ్డ కాలు మార్చుకోవడం ఎవరు నేర్పుతారమ్మాయ్?"