తప్పిపోయిన ఫిట్టరు

కర్నూలులో ప్రభుదాసు అనే మిల్లు ఫిట్టరు ఉండేవాడు. పనిలో వంక పెట్టడానికి వీల్లేదు గానీ, ఏ ఊరు విడిచినా ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోవడం అతని అలవాటు.

పత్తి నుంచి గింజలు వేరుచేసే జిన్నింగు మిల్లుల్లో అతని పని. పెళ్లికి ముందు ఏడాదికో ఊరు మారేవాడు. అద్దె కట్టేసి, గది ఊడ్చి, తాళంచెవి గుమ్మానికి తగిలించి, తెల్లవారకుండానే మొదటి బస్సు ఎక్కేసేవాడు. కొత్త ఊళ్లో దిగగానే ఫోనులో కొత్త సిమ్ము వేసేవాడు. ఎందుకలా అని ఎవరైనా అడిగితే, చెబితే సవాలక్ష ప్రశ్నలు వేస్తారనీ, భోజనానికి ఉండమంటారనీ, కొందరు కళ్లనీళ్లు కూడా పెట్టుకుంటారనీ, ఆ తతంగమంతా తనకు పడదనీ అనేవాడు. అలా వెళ్లడం పెద్దరికమని కూడా అనుకునేవాడు పాపం.

అతని భార్య రూతు ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. ఆమె పట్టు పడితే ఉడుంపట్టే. న్యూజిలాండులో నర్సుగా స్థిరపడాలని ఆమె కోరిక. అందుకు ఇంగ్లీషు పరీక్ష రాసింది. తప్పింది. మళ్లీ రాసింది. మళ్లీ తప్పింది. డ్యూటీ నుంచి వచ్చి, కాళ్లు వేణ్నీళ్లలో పెట్టుకుని చదివి, ఇంకోసారి రాసి గట్టెక్కింది. అక్కడ ఒక ఆసుపత్రి ఉద్యోగం ఇస్తానంది. భార్యాభర్తలిద్దరి పేర్లతో వీసా దరఖాస్తు వెళ్లింది. ఇక మిగిలింది ఒక్కటే. ఇద్దరి మీదా ఏ కేసులూ లేవని పోలీసుల నుంచి ధ్రువపత్రాలు పంపాలి. గడువులోగా రెండూ అందకపోతే దరఖాస్తు మూసేస్తామని అక్కడి వాళ్లు స్పష్టంగా రాశారు.

రూతు పత్రం వారం తిరగకుండానే వచ్చింది. ప్రభుదాసుది రాలేదు. కానిస్టేబులు ఇంటికొచ్చి చూసి వెళ్లాడు, పక్కింటివాళ్లు మంచివాడనే చెప్పారు. అయినా రాలేదు. చివరికి స్టేషనుకు రమ్మని కబురొచ్చింది. ఇద్దరూ వెళ్లారు.

అక్కడి ఎస్సై ఒకసారి కంప్యూటరు వైపు, ఒకసారి ప్రభుదాసు వైపు చూశాడు. ఆదోనిలో నీ పేరు మీద ఒక కేసు ఉందన్నాడు. తానెప్పుడూ ఎవరి జోలికీ పోలేదని, కావాలంటే విచారించుకోమని ప్రభుదాసు గబగబా చెప్పాడు.

"నువ్వు చేసిన నేరం కాదయ్యా," అన్నాడు ఎస్సై. "నువ్వు కనబడటం లేదని ఎవరో ఫిర్యాదు ఇచ్చారు. ఆదోని పోలీసుల లెక్కలో నువ్వు ఇంకా దొరకలేదు."

రూతు భర్త ముఖంలోకి చూసింది. ఆ కేసు మూతపడేదాకా తాను ఏమీ రాయలేనని ఎస్సై చెప్పాడు. ప్రభుదాసు ఆదోని వెళ్లి కనబడాలి. ఫిర్యాదు ఇచ్చిన మనిషి కూడా వచ్చి, ఇతనే అని చెప్పి సంతకం పెట్టాలి. ఆ మనిషి పేరు నబీసాబు అని, వృత్తి టైలరు అని చదివి వినిపించాడు.

ప్రభుదాసుకు గుర్తొచ్చింది. ఆదోనిలో అతను మేడ మీది గదిలో ఉన్నప్పుడు కింద వాటాలో కుట్టుమిషను పెట్టుకున్న పెద్దాయన. భార్య పోయిన మనిషి. వండుకున్న నాడు కూర గిన్నె పైకి పంపేవాడు, కొన్నాళ్లకు ఇద్దరూ కలిసే తినేవారు. ప్రభుదాసు ఆయన్ని మామా అని పిలిచేవాడు. ఒకరోజు గుంటూరు వైపు మిల్లులో పని దొరికింది. ఎప్పటిలాగే తాళంచెవి తగిలించి బస్సెక్కాడు.

స్టేషను బయటికి వచ్చాక రూతు నెమ్మదిగా అంది.

"నా చదువంతా నీ మొండితనం కింద పడి నలగడానికి నేను ఒప్పుకోను. రేపు లీవు పెడతా. ఇద్దరం పోయి ఆయన్ని వెతుకుదాం. దొరికేదాకా నేను ఇంటికి రాను."

ఆమె అన్నదంటే అన్నట్టే. మర్నాడు పొద్దున్నే ఆదోనిలో దిగారు. పాత ఇంటికి వెళితే కింద వాటాలో వేరే ఎవరో ఉన్నారు. ఖాళీచేసి వెళ్లిన మనిషి ఎక్కడున్నాడో ఎవరికి తెలుస్తుందని ప్రభుదాసు నసిగాడు. తనలాగే లోకమంతా ఉంటుందని అతని నమ్మకం మరి. రూతు అతని మాట వినిపించుకోలేదు. ఎదురుగా ఉన్న టీ కొట్టులో అడిగింది.

నబీసాబు ఎమ్మిగనూరులో చిన్నకూతురింట్లో ఉన్నాడని టీ కొట్టాయన చెప్పాడు. వీధి చివర కూరగాయలమ్మే ఆవిడను అడిగితే, మార్కెట్టు వెనక పచ్చగేటు ఇల్లని గుర్తు కూడా చెప్పింది. పిండిగిర్నీ నడిపే వెంకటలక్షుమ్మ అయితే ఏ బస్సెక్కాలో, ఎక్కడ దిగాలో అంతా వివరించింది. వీధిలో అందరికీ ఇంత బాగా ఎలా తెలుసని రూతు ఆశ్చర్యపోయింది.

"పోయేటప్పుడు ఇల్లిల్లూ తిరిగి చెప్పిపోయినాడమ్మా," అంది వెంకటలక్షుమ్మ. అప్పుడే ఆమె చూపు ప్రభుదాసు మీద పడింది. పిండి చేతులు కొంగుకు తుడుచుకుని దగ్గరికొచ్చి చూసింది. "ఏమప్పా, నువ్వు మేడ మీద ఉన్న దాసువి కదూ? బతికే ఉండావా?"

తర్వాత ఆమె చెప్పిందంతా ప్రభుదాసు తల వంచుకుని విన్నాడు. అతను వెళ్లిపోయిన వారంలోనే ఊరి బయట కాలువలో ఎవరిదో శవం తేలింది. వయసులో ఉన్న మగమనిషని, ఫిట్టర్లు తొడుక్కునే నీలం చొక్కా ఉందని చెప్పుకున్నారు. అప్పటికే ప్రభుదాసు ఫోను పలకడం లేదు. నబీసాబు కుడుతున్న గుడ్డ అలాగే మిషను మీద వదిలేసి ప్రభుత్వాసుపత్రికి పరిగెత్తాడు. అది దాసు కాదు. అక్కడి నుంచి నేరుగా స్టేషనుకు వెళ్లి ఫిర్యాదు ఇచ్చాడు. ఎమ్మిగనూరు వెళ్లేదాకా తరచూ స్టేషనుకు వెళ్లి అడుగుతూనే ఉన్నాడు.

"ఊరిడిచేనాడు మా అందరికీ ఒకటే చెప్పినాడు," అంది ఆమె. "దాసు ఎప్పుడన్నా వస్తే, నేను ఫలానా చోట ఉంటానని చెప్పండమ్మా అన్నాడు."

ఇద్దరూ ఎమ్మిగనూరు బస్సెక్కారు. సిగ్గంటే ఏమిటో ప్రభుదాసుకు ఆ బస్సులోనే తెలిసింది.

పచ్చగేటు ఇంటి వసారాలో నబీసాబు మిషను తొక్కుతున్నాడు. తలెత్తి చూశాడు. కాలు ఆగింది. ముందు రూతును కూర్చోమన్నాడు, నీళ్లిచ్చాడు, ఏ ఊరమ్మా అని అడిగాడు. ప్రభుదాసును మాత్రం పలకరించలేదు. వచ్చిన పనేమిటో రూతు దాచకుండా చెప్పింది. ప్రభుదాసు ముందుకొచ్చి, తప్పయిపోయింది మామా అన్నాడు.

నబీసాబు కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఆసుపత్రిలో గుడ్డ పక్కకు తీసి మొహం చూడమన్నారు. చూసినా. నువ్వు కాదు. నువ్వు కాదని నాకు సంతోషమైంది దాసూ. ఆ పిల్లోడు యా తల్లి కొడుకో. వాణ్ని ముందర పెట్టుకుని నేను సంతోషపడినా. ఇప్పటికీ ఆ మొహం గుర్తొస్తే నాకు అన్నం సహించదు. నువ్వు పోతానని ఒక్క మాట చెప్పిపోయింటే, నేను ఆడికి పోయేవాణ్నే కాదు."

ప్రభుదాసుకు ఏడుపు ఆగలేదు. వలవలా ఏడ్చాడు. ఇన్నాళ్లూ ఏ కళ్లనీళ్లు చూడలేక తప్పించుకు తిరిగాడో, అవి అతని కళ్లలోంచే వచ్చాయి. నబీసాబు వద్దనలేదు, ఊరుకోబెట్టనూ లేదు.

కాసేపటికి ఆయన మళ్లీ మిషను ముందు సర్దుకున్నాడు. ఆదోనికి వస్తాను గానీ ఈరోజు రాలేనన్నాడు. బడిపిల్లల చొక్కాలు రేపు పొద్దున ఇస్తానని మాట ఇచ్చాడట. గడువు ముంచుకొస్తోందని ప్రభుదాసు కంగారుపడ్డాడు. రూతు కంగారుపడలేదు. సూదీ దారం అడిగి తీసుకుంది.

"గుండీలు నేను కుడతాను. కుట్లు వేసే చేతులే ఇవి," అంది.

నబీసాబు మొదటిసారి నవ్వాడు. ఆమె గుండీలు కుట్టింది. ప్రభుదాసు కాజాల దగ్గర మిగిలిన దారాలు కత్తిరించాడు, చొక్కాలు ఇస్త్రీ చేశాడు, మధ్యలో మిషను చప్పుడు విని దాని పట్టా కూడా బిగించాడు. దీపాలు పెట్టే వేళకు చొక్కాలన్నీ మడతపెట్టి సిద్ధం చేశారు. ఆ పూట అందరూ అక్కడే తిన్నారు.

పొద్దున చొక్కాలు అప్పజెప్పి ముగ్గురూ బయల్దేరారు. నబీసాబు ఊరికే బయల్దేరే మనిషైతే కదా. ఎడమ పక్కింట్లో చెప్పాడు, కుడి పక్కింట్లో చెప్పాడు, మలుపులో బీడీలు చుడుతున్న ముసలమ్మకు కూడా ఆదోని వెళ్లి సాయంత్రానికి వస్తానని చెప్పాడు. ఆవిడ వచ్చేటప్పుడు తమలపాకులు తెమ్మంది. అటు బస్సు హారను కొడుతోంది. వెనకటి ప్రభుదాసైతే ఎప్పుడో ఎక్కి కూర్చునేవాడు. ఇప్పుడు బస్సు మెట్టు మీద ఒక కాలు, కింద ఒక కాలు పెట్టి, కండక్టరు తిట్లు తింటూ, ఆయన వచ్చేదాకా ఆపాడు.

ఆదోని స్టేషనులో ఎస్సై పాత ఫైలు తెప్పించాడు. అందులో ప్రభుదాసు ఫొటో కూడా ఉంది. ఏదో పండగనాడు మేడ మెట్ల మీద కూర్చుని తింటుండగా నబీసాబు ఫోనులో తీసింది. ఇన్నేళ్లు ఎక్కడెక్కడ ఉన్నావని ఎస్సై అడిగాడు. ప్రభుదాసు ఒక్కో ఊరే చెప్పాడు. ఏ ఊళ్లో ఎవరికి చెప్పి వెళ్లావని అడిగాడు. ఎవరికీ చెప్పలేదని ప్రభుదాసు ఒప్పుకున్నాడు. ఎస్సై నబీసాబు వైపు తిరిగి, మీరు వెతికిన మనిషి ఇతనేనా అన్నాడు.

నబీసాబు లేచి నిలబడ్డాడు. ప్రభుదాసు భుజం మీద చెయ్యి వేశాడు.

"ఇతనే సార్. బతికుండాడు. అట్లనే రాసుకోండి."

రాసుకున్నారు. సంతకాలయ్యాయి. కేసు మూశారు. కర్నూలుకు ఆ మాట చేరింది, పత్రం వచ్చింది, గడువు దాటకముందే రూతు దరఖాస్తుకు జతపడింది. కొన్నాళ్లకు ఇద్దరికీ వీసా వచ్చింది. ప్రభుదాసు మళ్లీ బస్సెక్కాడు. ఈసారి వెళ్లిపోవడానికి కాదు, చెప్పడానికి. తాను ఉండివచ్చిన ప్రతి ఊరికీ వెళ్లి, గుర్తున్న ప్రతి గుమ్మంలోనూ నిలబడి, ఎక్కడికి పోతున్నాడో చెప్పాడు. కొన్నిచోట్ల జనం అతన్ని గుర్తుపట్టలేదు. కొన్నిచోట్ల తిట్టారు. తిట్టినవాళ్లే భోజనం చేసి వెళ్లమన్నారు. అన్నిచోట్లా తిన్నాడు. ఆఖరున ఎమ్మిగనూరు వెళ్లి, విమానం ఎక్కే ముందు ఫోను చేస్తాను మామా అన్నాడు.

"ఎక్కేటప్పుడు చేసినా చేయకపోయినా సరే," అన్నాడు నబీసాబు. "దిగినాక మాత్రం చెయ్యి. అంతదాకా నాకు నిద్ర పట్టదు."

మనం చెప్పకుండా వదిలి వెళ్లిన చోట మన కోసం బెంగపడేవారు ఉండవచ్చు. కాబట్టి ఎక్కడినుంచి వెళ్లినా, మనల్ని ప్రేమించినవారికి ఒక మాట చెప్పి వెళ్లాలి.