ఐలవ్వ చెయ్యి

మా అవ్వ పుట్టకముందు, వాళ్ళవ్వ కూడా పుట్టకముందు, ఒక ఊళ్ళో ఓదెలు అనే బొమ్మలాయన ఉండేవాడు. ఊరూరా తిరిగి కథలు పాడేవాళ్ళకు బట్ట మీద బొమ్మల పటాలు రాసి ఇవ్వడం ఆయన పని. పొడుగాటి పటం. అడ్డంగా గీతలు. గీతకూ గీతకూ మధ్య కథలో ఒక్కో ఘట్టం. కథకుడు దాన్ని కొంచెం కొంచెంగా విప్పుతూ పాడతాడు, ఊరంతా కూర్చుని చూస్తుంది.

పనితనంలో ఓదెలును మించినవాడు లేడు. మొహం ఇంత, మెడ ఇంత, భుజం ఇంత అని నూలుపోగు పెట్టి కొలిచేవాడు. కొలిచి గీసేవాడు. గీసి మళ్ళీ కొలిచేవాడు. వెంట్రుకవాసి తేడా వచ్చేది కాదు.

ఆయన చెల్లెలు ఐలవ్వ. మొగుడు పోయాడు, మూడేళ్ళ కూతురు పోయింది, అన్న ఇంటికి వచ్చేసింది. పొద్దున లేస్తే రంగులు నూరేది. ఎర్రరాయి నూరేది, గవ్వలు నూరేది, దీపం మసి నూరేది. చిప్పల అడుగున మిగిలిన రంగుతో పెరటిగోడ మీద వేలితో బొమ్మలు వేసుకునేది.

మొదట బర్రెను వేసింది. ఓదెలు చూసి నవ్వాడు.

"ఇదేందే, బర్రె ఇంటికన్న పెద్దగున్నది?"

"మనకు పాలిచ్చేది అదే గదన్నా. నా కంటికి గంతనే కనబడ్తది."

"చెయ్యి కుదరని బొమ్మ మన గోడ మీద ఉంటే నలుగురు నవ్వుతరు," అని పేడనీళ్ళతో అలికేశాడు. ఐలవ్వ వెళ్ళి రంగు నూరింది.

రెండోసారి వానను వేసింది. ఆ వానలో మనుషులకు కాళ్ళు లేవు.

"కాళ్ళేవి?"

"ఉరుకుతున్నరన్నా. ఉరికేటోళ్ళకు కాళ్ళు కనబడ్తయా?"

దాన్నీ అలికేశాడు. ఐలవ్వ వెళ్ళి రంగు నూరింది.

మూడోసారి ఒక ఆడమనిషిని వేసింది. ఆమె చెయ్యి గోడ ఈ కొస నుంచి ఆ కొస దాకా చాచి ఉంది. ఆ కొసన గింజంత పిల్ల.

"చెయ్యికి ఒక కొలత ఉండదానే?" అన్నాడు ఓదెలు.

"కొలత నాకు తెల్వదన్నా. పిల్ల గంత దూరం పోయింది. చెయ్యి అందాలె గద."

ఆ పిల్ల ఎవరో ఓదెలుకు తెలుసు. తెలిసీ అలికేశాడు. పటం చూసుకోవడానికి మర్నాడు మనుషులు వస్తున్నారు, గోడ శుభ్రంగా ఉండాలి, అదే ఆయన మనసులో ఉంది. ఐలవ్వ వెళ్ళి రంగు నూరింది. ఆ తర్వాత మళ్ళీ గోడ మీద వేలు పెట్టలేదు.

ఆ వానాకాలం ఆమెకు జ్వరం వచ్చింది. మూడు రోజులే. నాలుగో రోజు ఐలవ్వ లేదు.

కొన్నాళ్ళకు నాంపెల్లి వచ్చాడు. ఆయన ముసలి కథకుడు, ఓదెలు పటాలు పట్టుకుని ఎన్నో ఊళ్ళు తిరిగినవాడు.

"బిడ్డా, తల్లి కొడుకును అడవికి సాగనంపే కాడ గొంతు పగిలేటట్టు పాడిన. ఒక్కలు ఏడ్వలే. నగలు మంచిగున్నయి అన్నరు."

ఓదెలుకు పౌరుషం వచ్చింది. ఆ ఘట్టం మళ్ళీ రాశాడు. తల్లికి కన్నీళ్ళు పెట్టాడు. కంటికి మూడు చుక్కలు, నూలుపోగు పెట్టి కొలిచి, అన్నీ ఒక్క తీరు.

నాంపెల్లి పోయి మళ్ళీ వచ్చాడు. "ముత్యాలు మంచిగున్నయి అన్నరు బిడ్డా."

ఆ రోజు ఓదెలు పెరట్లోకి వెళ్ళాడు. గోడ తడిపి, అలుకు మెల్లగా గీకాడు. కింద బొమ్మ ఉంటుందేమో అనుకున్నాడు. అలుకుతోపాటు మట్టి కూడా ఊడి వచ్చింది. బొమ్మ లేదు. ఆ చెయ్యి ఎక్కడ మొదలైందో గుర్తు తెచ్చుకుని, అక్కడ తన భుజం ఆనించి, చెయ్యి చాచాడు. గోడలో సగం కూడా అందలేదు. చెల్లెలు ఎంత దూరం చెయ్యి చాచిందో ఆయనకు అప్పుడు తెలిసింది. అక్కడే కూలబడి ఏడ్చాడు.

తర్వాత తనే రంగు నూరాడు. చెయ్యి బొబ్బలెక్కింది. నూలుపోగు తీసుకోలేదు. చిప్పలో వేలు ముంచి తల్లిని వేశాడు. ఆమె చెయ్యి వేస్తూ వేస్తూ పోయాడు. అడ్డంగీత వచ్చింది. ఏ బొమ్మలాయనా దాటని గీత. చెయ్యి దాన్ని దాటి కింది ఘట్టంలోకి, అడవిలోకి, నడిచిపోతున్న కొడుకు దాకా వెళ్ళింది. అయినా అందలేదు. నాలుగు వేళ్ళ దూరం ఉండిపోయింది.

నాంపెల్లి ఆ పటం విప్పిన ఊళ్ళో, తల్లి ఘట్టం రాగానే, పాట ఇంకా ఎత్తుకోకముందే ఒక ముసలమ్మ లేచి, ఎప్పుడో పోయిన తన కొడుకును పేరు పెట్టి పిలిచింది. ఆమె వెనక ఇంకొకామె. ఆమె వెనక ఇంకొకామె. నాంపెల్లి పటం చుట్టేశాడు. ఆ రోజు కథ అక్కడే ఆగిపోయింది.

ఆయన పరుగున వచ్చి ఓదెలు చేతులు పట్టుకున్నాడు. "ఏం చెయ్యిరా బిడ్డా ఇది! యాడ నేర్సినవు?"

"నా చెయ్యి గాదు తాతా. మా ఐలవ్వది. మూడు బొమ్మలేసింది, మూడు నేనే అలికిన. ఒక్కటన్న బాగుందని అనలే."

ఆ తర్వాత ఓదెలు చాలా పటాలు రాశాడు. జనం చూశారు, ఏడ్చారు, నవ్వారు. ఎవరు మెచ్చుకున్నా ఆయన అదే మాట చెప్పేవాడు. మట్టి ఊడిన ఆ గోడను చచ్చేదాకా ఎవరినీ అలకనివ్వలేదు.

ఆ వైపు బొమ్మలవాళ్ళు ఇప్పటికీ ప్రతి పటంలో జానెడు చోటు వదులుతారు. రంగు నూరిన మనిషిని పిలిచి, నీ ఇష్టం, వెయ్యమంటారు. వంకరో టింకరో, ఏది వేసినా అది అట్లాగే ఉండాలి. పెద్ద బొమ్మలాయన కూడా దాన్ని దిద్దకూడదు. కథకుడు ఆ చోటు దాకా విప్పి, పాట ఆపి అడుగుతాడు:

"ఇది ఎవరి చెయ్యి?"

కూర్చున్నవాళ్ళంతా, చంకలో పిల్లలతో సహా చెబుతారు:

"ఐలవ్వ చెయ్యి."