వంద గంటల బూరెలు

వెలగలమెట్ట సంస్థానం ఏలే పెదనరస భూపతిగారికి కొత్త సరుకు కంటపడితే చెయ్యాగదు. ఆ ఏడు ఆయన మనసు కరెంటు మీద పడింది. డైనమో వచ్చింది, గది నిండా బ్యాటరీలు వచ్చాయి, కొలువులో ఇరవై పంకాలు వేలాడాయి.

మొదటిరోజు ఇరవై పంకాలూ ఒక్కసారే తిరిగేసరికి దివాన్‌గారి ఉత్తరీయం ఎగిరి పురోహితుడి నెత్తిన పడింది. రాజుగారు చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టారు. సరిగ్గా ఐదు గంటలు తిరిగి పంకాలన్నీ మూలిగి ఆగిపోయాయి.

ఇదేమిటని రాజుగారు అడిగితే, దివాన్‌గారి బావమరిది కమలనాభం ముందుకొచ్చాడు. సామానంతా కొనిపించింది ఆయనే. తనకు తానే 'విద్యుత్ కేసరి' అని బిరుదు తగిలించుకున్న మనిషి. కరెంటు గురించి ఆయన చదివిందల్లా బ్యాటరీ మూత మీది అక్షరాలే.

"మహాప్రభో, వంద ఆంపియర్ అవర్లని మూత మీద అచ్చేసి ఉంది. అంటే వంద గంటలు రావాలి. మిగతా తొంభై ఐదు గంటల కరెంటూ ఆ పైడన్న దొంగిలించాడు."

పైడన్నంటే బ్యాటరీ గది చూసుకునేవాడు. రోజూ బ్యాటరీల్లో నీళ్లు సరిచూసి, వైర్లు బిగించి, యాసిడ్ చుక్కలకి పంచెలు చిల్లులు చేసుకునే కష్టజీవి. దొంగిలించిన కరెంటు ఎక్కడ దాస్తాడని ఎవరో అడిగితే, కుండల్లో పట్టి వాసెన కట్టి అమ్ముకుంటాడన్నాడు కమలనాభం. ఏం తెలివండీ!

పైడన్న మొత్తుకున్నాడు. కరెంటుని తోసే బలం వోల్టులు, పారే కరెంటు ఎంతో చెప్పేది ఆంపియర్లు, ఒక్కో పంకా ఒక్కో ఆంపియర్ తాగుతుంది అని విడమరిచాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. రాజుగారు ఆవలించి, ఆ కరెంటు ఎటుపోయిందో రేపు పొద్దుగూకేలోగా చూపించకపోతే పెళ్లాం పిల్లలతో పొలిమేర దాటిపొమ్మన్నారు.

పైడన్న ఇంటిదారి పట్టాడు. పెళ్లాం నిండు చూలాలు, అడుగు తీసి అడుగు వెయ్యలేదు. ఏ ఊరు పోతాడు?

మర్నాడు కొలువు తీరగానే పైడన్న ఓ పెద్ద బుట్టతో దిగాడు. నిండా పూర్ణం బూరెలు, నేతివాసన కొలువంతా కమ్మేసింది. పోయేముందు మారాజుకి చివరి కానుక అన్నాడు. లెక్కకి వంద బూరెలు. గంట కొట్టినప్పుడల్లా మారాజు ఒకటి ఆరగిస్తే వంద గంటలు వస్తాయి. ఇంత విలువైన బుట్టని కాయడానికి కేసరిగారిని మించిన మొనగాడు లేడని చల్లగా అంటించాడు.

కమలనాభం ఉబ్బి తబ్బిబ్బయ్యాడు. వంద గంటలకీ తనదే పూచీ అని మీసం దువ్వాడు.

గంట కొట్టారు. రాజుగారు బూరె అందుకున్నారు. ఆ కొలువులో ఓ ఆచారముంది: రాజు నోట్లో ఏది పడితే అది కొలువులో అందరికీ పడాలి. రాజుగారితో కలిపి ఇరవైమంది. కమలనాభం హుషారుగా తనే తిరిగి పంచాడు, తనూ ఒకటి మింగాడు. రెండో గంటకీ అంతే, మూడో గంటకీ అంతే. నాలుగో గంటకి పురోహితుడు జంధ్యం వదులు చేసుకున్నాడు.

ఆరో గంట కొట్టారు. రాజుగారు చెయ్యి చాపారు. బుట్టలో ఆకులే మిగిలాయి.

పైడన్న వంగి దండం పెట్టి, వంద గంటల బుట్ట ఐదు గంటలకే ఖాళీ అయిందనీ, మిగతా తొంభై ఐదు గంటల బూరెలూ కేసరిగారు కాజేశారనీ ఫిర్యాదు చేశాడు.

కమలనాభానికి ఒళ్లు మండిపోయింది.

"నేనొక్కణ్ణే తిన్నానా? ఇరవై నోళ్లు ఒకేసారి తింటుంటే వంద బూరెలు వంద గంటలు ఎలా వస్తాయిరా? ఐదు గంటలే వస్తాయి!"

పైడన్న చేతులు కట్టుకుని నెమ్మదిగా అన్నాడు:

"ఆ మాటే మారాజా, నిన్నట్నుంచీ మన బ్యాటరీ మొత్తుకుంటోంది. దానికి నోరు లేదు, నా నోటికి విలువ లేదు. అందుకే కేసరిగారి నోటితో చెప్పించాను."

రాజుగారు తలెత్తి పంకాలు లెక్కపెట్టారు. ఇరవై. కొలువులో బూరెలు తిన్న నోళ్లు లెక్కపెట్టారు. ఇరవై. అంతే, సింహాసనం మీద దొర్లి దొర్లి నవ్వారు. ఆ నవ్వు కొలువంతా అంటుకుంది, పురోహితుడైతే పొట్ట పట్టుకుని కూలబడ్డాడు.

కళ్లు తుడుచుకుంటూ రాజుగారు తన చేతి బంగారు కడియం పైడన్న చేతికి తొడిగి, ఇకమీదట కరెంటు వ్యవహారమంతా అతని మాటే అన్నారు. ఒక్క పంకా ఉంచి పంతొమ్మిదీ ఆపించారు. ఆ పంతొమ్మిది చోట్లా విసరమని ఓ తాటాకు విసనకర్ర కమలనాభానికి అందించారు.