చిలుక చెప్పిన కులాసా

గుంజేటి అడవిలో ముసలి జంతువులకు కొదవ లేదు, వాటిని చూసుకునే ఓపికకే కొదవ. ఆ సంగతి అందరికంటే ముందు పసిగట్టింది నక్క. గుహకే వచ్చి సేవ చేస్తామని సంస్థ పెట్టి, గాడిదను పనిలోకి తీసుకుంది. గాడిద రోజూ ఎలుగుబంటి జాంబమ్మ గుహకు వెళ్లి, మోకాళ్లకు ఆముదం రాసి, వీపు ఆనించి లేపి, కషాయం తాగించి, ఆవిడ చెప్పే తేనెపట్టు కబుర్లన్నీ విని వచ్చేది.

"ఒక్క గుహలో ఇంతసేపా? పక్క కొండకు ఎవరు పోతారు?" అంది నక్క.

"లేపి వదిలేస్తే పెద్దమ్మ మళ్లీ కూలబడుతుంది దొరా. ఇంకొకరిని పెట్టుకోండి."

"పెట్టుకుంటే ఉంటారా? పని నేర్పేది నేను, నేర్చుకున్నాక పోయేది పోటీ సంస్థ పెట్టిన తోడేలు దగ్గరికి."

"కాస్త గడ్డి ఎక్కువ వేస్తే ఉంటారేమో."

నక్క చెవులు చాలా చురుకు గానీ, ఆ మాట మాత్రం వినబడలేదు. గాడిదను మాన్పించి గుహకో చిలుకను కూర్చోబెట్టింది. "కాలం మారింది. ఇక మనం వెళ్లక్కర్లేదు, కబురే మన దగ్గరికి వస్తుంది" అని అడవంతా చాటింది.

మొదటి రోజే జాంబమ్మ చిలుక ఎగిరొచ్చింది. "పెద్దమ్మ లేవలేకపోతోంది, ఎవరినైనా పంపండి."

"ఎవరున్నారని పంపను? పొద్దున్నే ఏడుపు కబుర్లు తేకు" అని కసిరింది నక్క. మర్నాడు చిలుక జంకుతూ "కులాసా" అంది. నక్క మురిసిపోయి దోరజామకాయ పెట్టింది. అది చూసి మిగతా చిలుకలూ అదే మాట నేర్చాయి. వారం తిరగకుండా అడవిలో ముసలివాళ్లంతా కులాసా అయిపోయారు. తమాషా ఏమిటంటే, ఆ మాట అందరికంటే ఎక్కువ నమ్మింది నక్కే.

ఒకరోజు ఏనుగు వచ్చింది. "మావయ్యా, మా అత్తగారికి కాలు పట్టేసింది. మేం మేతకు పోతే ఆవిడ ఒక్కతే ఉంటుంది. నీ సేవ ఎలాంటిదో?"

"చెప్పడమెందుకు, కళ్లారా చూద్దువు గాని రా" అని జాంబమ్మ గుహకు తీసుకుపోయింది నక్క.

గుమ్మంలో చిలుక తల వంచి, "కులాసా. కషాయం తాగారు, హాయిగా పడుకున్నారు" అంది.

లోపలి నుంచి నీరసంగా గొంతు వినిపించింది. "ఎవరమ్మా అక్కడ? నిన్నటి నుంచి నేలమీదే పడి ఉన్నాను. గుక్కెడు నీళ్లు పోయండి."

ఏనుగుకు కళ్లలో నీళ్లు తిరిగాయి. గుమ్మం ఇరుకు, దూరలేదు. "నువ్వు వెళ్లి లేపు మావయ్యా" అంది.

నక్క పుట్టి బుద్ధెరిగి ఎవరినీ లేపలేదు. ఎటు పట్టాలో తెలియక అటూ ఇటూ తిరుగుతుంటే, జాంబమ్మ చేతికి అందిన తోక పట్టుకుని లేచింది. ఆవిడ లేచింది, నక్క నడుం కలుక్కుమంది.

"అబద్ధమెందుకు చెప్పావే?" అని మూలుగుతూ అడిగింది నక్క.

"నిజం చెప్పిన రోజు తిట్టారు, కులాసా అన్న రోజు జామకాయ పెట్టారు. నాకు తెలిసిన ఉద్యోగం అదే" అంది చిలుక.

ఏనుగు వాగుకు పోయి తొండంతో నీళ్లు తెచ్చి జాంబమ్మకు తాగించింది. తర్వాత గాడిదను వెతికి పట్టుకుంది. "ముందు ఈ పెద్దమ్మను చూడు, తర్వాత మా అత్తగారిని. తోడు కావాలంటే తెచ్చుకో, గడ్డికి లోటుండదు" అంది. గాడిద చెవులు నిక్కబొడుచుకుని బయల్దేరింది.

నక్క ఎలాగో దేకుతూ ఇల్లు చేరి వెల్లకిలా పడింది, మరి లేవలేకపోయింది. వెంట వచ్చిన చిలుకను పిలిచి, "చిలకమ్మా, నా బాధ చెప్పి గాడిదను బతిమాలి తీసుకురా" అంది.

చిలుక వెళ్లేసరికి గాడిద జాంబమ్మ మోకాలికి ఆముదం రాస్తోంది. "దొరవారు ఎలా ఉన్నారు?" అని తనే ముందు అడిగింది.

చిలుకకు తిట్లూ గుర్తొచ్చాయి, జామకాయా గుర్తొచ్చింది.

"కులాసా" అంది.

"పోనీలే, చల్లగా ఉండనీ" అని గాడిద జాంబమ్మ రెండో మోకాలు అందుకుంది.

నీతి: మంచి కబురుకే జామకాయ పెట్టేవాడికి, తన చెడ్డరోజున కబురు మోసేవాడు దొరకడు.