పడమటి కిటికీకి నాలుగు మేకులు

ఈ భూమ్మీద ఇరవై ఆరేళ్ళుగా బతుకుతున్నాను. ఇంతవరకూ ఒక్క ప్రాణికి కీడు చేసినవాణ్ణి కాను. ఈ మాట ఏ దేవుడి ముందైనా దీపం ఆర్పి చెప్పగలను. కాకపోతే కీడు చేయాలంటే ముందు మంచం దిగాలి, ఆ శ్రమ నాకు పడదు. మేలు విషయంలోనూ నాది ఇదే పద్ధతి.

మా గురువు వీరాచారిగారు తలుపులూ కిటికీలూ చేసే వడ్రంగి. సాయంత్రం పని ఆపాక ఆయన కొట్టంలో చెక్కపొట్టు మీద కూర్చుని ఏడెనిమిది మందిమి తత్వం వింటాం. ఆయనకో అలవాటుంది. ప్రశ్న అడిగినవాడికి జవాబు చెప్పరు. ఏదో ఒకటి చేతిలో పెట్టి, మర్నాడు పనికి వెంట రమ్మంటారు. అందుకే మాలో తెలివైనవాళ్ళు ప్రశ్నలు మానేసి చాలా కాలమైంది.

ఆ సంగతి మరిచి ఒకరోజు నేనడిగాను. "గురువుగారూ, చేసినవాడికి పాపం అంటుతుందంటే ఒప్పుకుంటాను. ఏమీ చేయకుండా కూర్చున్నవాడికి ఎక్కణ్ణుంచి అంటుతుంది?"

గాజులమ్మే మస్తానమ్మ మాలో పెద్దది. "అడిగాడమ్మా. పడుకున్నోడికి పరుపు మీదకే మోక్షం తెచ్చియ్యాలంట" అంది. అందరూ నవ్వారు, అందరికంటే గట్టిగా నేను. గురువుగారు మాత్రం పెట్టె తీసి, నాలుగు మేకులు ఏరి, నా గుప్పిట్లో పెట్టారు.

"పొద్దున్నే రా చలపతీ. ఒక కిటికీ మూయాలి."

"గురువులు తెరుస్తారని విన్నానండీ, మూస్తారని వినలేదు" అన్నాను.

"ఆ మాటేదో అక్కడికొచ్చి చెబుదువుగాని" అన్నారు.

మర్నాడు మోపెడ్ మీద వెనక కూర్చుని, పనిముట్ల సంచి ఒళ్ళో పెట్టుకుని బయల్దేరాను. ఊరు దాటి, రైలు గేటు దాటి, బండి ప్లాట్లు వేసిన మెరకలోకి తిరిగేసరికి నేను తుండుతో మొహం తుడుచుకున్నాను. భాద్రపదం, మబ్బు పట్టి ఉంది. పాపం ఎండ మీదకి నెట్టడానికి లేదు.

ఆ ఇల్లు సన్నాయి యలమందయ్యది. మా పల్నాటి వైపు పెళ్ళి పెద్దలు ముందు ఆయన్ని కుదుర్చుకుని, తరవాత ముహూర్తం పెట్టించుకునేవాళ్ళు. ఇరవయ్యేళ్ళు అద్దె ఇళ్ళలో ఆయన సాధకానికి ఇరుగూ పొరుగూ గోల పెడితే, మొదటిసారి సొంతానికి కొనుక్కున్న ఇల్లది. కొనేముందు వాస్తు చూసేవాణ్ణి తెచ్చి ఈశాన్యం కొలిపించారు. బోరు నీళ్ళు గ్లాసులో పోసి నాలిక మీద వేసుకుని చూశారు. గోడల్ని పిడికిలితో కొట్టి చూశారు. ప్రహరీ లోపలున్న ప్రతిదీ చూశారు. ప్రహరీ అవతల, పడమటి వైపు, నాలుగు హద్దురాళ్ళ మధ్య ఖాళీ స్థలం. అది వైశాఖం, అక్కడ గడ్డిపరక లేదు. అమ్మినాయన తనే పడమటి కిటికీ తెరిచి, "ఇటు ఎవరూ లేరు, మీ సాధకానికి అడ్డెవరు" అన్నాడట. ఆ మాటకే బేరం కుదిరిపోయింది.

వానలు పడ్డాయి. మేం వెళ్ళేటప్పటికి ఆ స్థలం నిండా నడుమెత్తు వయ్యారిభామ కలుపు, తెల్లటి పూత, దూరం నించి చూస్తే ఎవరో మరమరాలు ఆరబోసినట్టుంది. ఆ మొక్కకి ఆ పేరు పెట్టిన మహానుభావుడు దాని పక్కన ఒక్క పూటైనా కాపురం చేసి ఉండడు. మెడ మీదా మోచేతుల మీదా దద్దుర్లతో యలమందయ్య వరండాలో కూర్చుని ఉన్నాడు. ఊపిరి తీస్తుంటే లోపల పిల్లికూతలు నాకు గేటు దగ్గరికే వినపడ్డాయి.

"శ్రావణంలో ఒక పెళ్ళికెళ్ళాను ఆచారిగారూ" అన్నాడు. "తాళి కట్టే వేళ ఊపిరి తెగింది. మా డోలు అబ్బాయి గట్టిగా వాయించి కప్పేశాడు. ఎవరికీ తెలియలేదు. నాకు తెలిసింది." దగ్గాడు. "ఆ పూత పడట్లేదని డాక్టరు కిటికీ మూయమన్నాడు. లేకపోతే ఇల్లు మారమన్నాడు. ఇట్లాగే ఉంటే సన్నాయి పెట్లో పెట్టుకోమన్నాడు."

గురువుగారు కిటికీ దగ్గరికి నడిచారు. రెక్కల మీది ఆకుపచ్చ రంగుని ఉలి అంచుతో నాలుగు చోట్ల గీకారు. నాలుగు చోట్లా పూడ్చిన లప్పం రాలింది, కింద నాలుగు పాత మేకు బెజ్జాలు బయటపడ్డాయి.

"ఈ రెక్కలకి మేకులు దిగడం ఇది మొదటిసారి కాదు" అన్నారు.

యలమందయ్య భార్య రాఘవమ్మ వచ్చి ఆ బెజ్జాల్ని వేలితో తడిమి చూసింది. తరవాత నెమ్మదిగా, "అయితే మీరూ అట్లాగే కొట్టండి ఆచారిగారూ. తలలు కనపడకుండా. పైన లప్పం పెట్టి రంగెయ్యండి. ఎండాకాలంలో ఎవరన్నా ఇల్లు చూడ్డానికొస్తే పీకి తెరవచ్చు" అంది.

"వద్దే. అమ్మినాయన మనకి చేసింది మనం ఇంకొకళ్ళకి చేద్దామా?" అన్నాడు యలమందయ్య.

"మరి నీ ఊపిరి?"

యలమందయ్య మెడ మీది దద్దుర్లు గోక్కున్నాడు. వద్దన్న మాట ఇంకోసారి అంటాడేమోనని ఎదురుచూశాను. అనలేదు.

"తలలు బయటే ఉంటాయమ్మా" అన్నారు గురువుగారు. "లప్పం తేలేదు." నా ఒళ్ళో మోసుకొచ్చిన సంచిలో లప్పం డబ్బా ఉంది. నేనేమీ అనలేదు. అదే కదా నా విద్య.

నేను ఒక్కొక్క మేకూ అందిస్తున్నాను, ఆయన కొడుతున్నారు. రాఘవమ్మ వెనక నించి చెప్పుకుపోతోంది. రెండుసార్లు కూలివాళ్ళని పెట్టి ఆ మొక్కలు కోయించిందట. వాళ్ళ చేతులు బొబ్బలెక్కాయి, మళ్ళీ రామన్నారు. మూడు వారాలకి మళ్ళీ మొలిచాయి. స్థలం ఎవరిదని ప్లాట్లు వేసినాయన్ని అడిగితే, ఎవరో కుర్రాడి పేరున ఉందమ్మా అన్నాడట, ఊరు చెప్పలేదట. "వాడు కనపడితే కాళ్ళు పట్టుకుందామనుకున్నా బాబూ. ఇప్పుడు కనపడితే ఏం చేస్తానో నాకే తెలీదు" అంది, నాతోనే.

"ఆ పిల్లాణ్ణి ఏమని తిడతావే" అన్నాడు యలమందయ్య. "వాడు మనల్నేం చేశాడు? ఏమీ చేయలేదుగా."

ఆయన దెప్పిపొడుస్తూ అన్న మాట కాదది. మనసులో ఏమీ పెట్టుకోకుండా అన్నాడు. నాలుగో మేకు నా చేతిలోంచి జారి కింద పడింది. గురువుగారు సుత్తి ఎత్తి పట్టుకుని, నేను వంగి తీసిచ్చేదాకా అలాగే నిలబడ్డారు. అది కూడా దిగాక గది చీకటైంది. రాఘవమ్మ నాకు పెద్ద గ్లాసుతో మజ్జిగ ఇచ్చింది. పూర్తిగా తాగాను.

తిరుగు ప్రయాణంలో గురువుగారు బండి నడుపుతున్నంతసేపూ నేనే నోటికొచ్చిన కబుర్లన్నీ చెప్పాను. మస్తానమ్మని వెక్కిరించాను, గేటు దగ్గర ఆగి రైలు పెట్టెలు లెక్కపెట్టాను. రేపు చెబుదామనుకున్నాను. మర్నాడు కూడా అదే అనుకున్నాను.

పన్నెండు రోజులకి చెప్పాను. అప్పటికి ఆ పూత రాలి, విత్తనం నేలలో పడిపోయి ఉంటుంది. కొట్టంలో ఎవరూ లేని వేళ చూసి వెళ్ళాను. ఆ స్థలం నాదే. నాలుగేళ్ళ క్రితం మా నాన్న నా పేర కొన్నాడు. నువ్వు పడుకున్నా దాని విలువ పెరుగుతూనే ఉంటుందిరా అన్నాడు, ఆ మాట నాకు బాగా నచ్చింది. రిజిస్ట్రేషన్ రోజున వెళ్ళి నాలుగు రాళ్ళు పాతించి, ఒకదాని మీద ఎర్ర రంగుతో నా పేరు పొడి అక్షరాలు రాసుకుని వచ్చినవాణ్ణి, మళ్ళీ అటు తొంగి చూడలేదు. ఆ రోజు కిటికీ మూసేముందు, మొక్కల మొదళ్ళలో ఆ ఎర్ర అక్షరాలు నాకు కనపడ్డాయి. ఇదంతా గబగబా చెప్పేసి తల వంచుకుని నిలబడ్డాను.

గురువుగారు చెక్కని చిత్రిక పట్టడం ఆపలేదు.

"నాకు చెబుతావేంరా" అన్నారు. "ఊపిరాడనిది నాకు కాదుగా."